పై గుండీ

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఒకరి పేరు మీద రికార్డు ఉంది. రెండోవాడు దాన్ని బద్దలు కొట్టబోతున్నాడు. ఇద్దరికీ కాఫీ పోసేది మా అక్క ఇర్మా. ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని తినేది నేను.

రికార్డు మా నాన్నది. ఎమిల్ కుబాలా అంటే ఒహాయో నది పొడుగునా ఉన్న ఊళ్ళన్నిటికీ తెలుసు. మా బేస్‌బాల్ లీగులో అంతమంది బ్యాటర్లని స్ట్రైకవుట్ చేసిన, అంటే బ్యాటుకి అందకుండా మూడు స్ట్రైకులు విసిరి వెనక్కి పంపిన పిచర్ ఇంకొకడు లేడు. మా ఊరు మార్లో ఫెర్రీలో మైదానం గేటు మీద ఆ పేరు నా పుట్టుకకి ముందు నుంచీ ఉంది. బద్దలు కొట్టబోతున్నది మా బావ హార్లన్ పికెట్. మా అక్కని చేసుకుని, మా ఇంట్లోనే ఉంటూ, మా నాన్న నిలబడిన పిచర్ దిబ్బ మీదే నిలబడి పదమూడేళ్ళుగా బంతులు విసురుతున్నాడు. ఆ బంతులు పట్టుకునే క్యాచర్ని నేను.

జూన్ దాకా అంతా బాగానే ఉంది. పొద్దున్నే వంటింట్లో అక్క నాన్న చొక్కాకి గుండీలు పెట్టేది. నాన్న కుడిచెయ్యి పిడికిలి సగం ముడుచుకుని అలాగే ఉండిపోయింది. వేళ్ళు విచ్చుకోవు, చిన్న వస్తువు ఏదీ పట్టుకోవు. అక్క కింది నుంచి మొదలుపెట్టి మెడ దాకా వచ్చేది. పై గుండీ కూడా పెట్టాల్సిందే. ఎంత ఎండయినా సరే.

"మామా, మెడదాకా బిగించావు. ఉరికంబం ఎక్కుతున్నావా?" అనేవాడు బావ, గుడ్డు నోట్లో కుక్కుకుంటూ.

"నీ ఆట చూడటం కన్నా అదే నయం అల్లుడూ."

"నిన్న తొమ్మిదిమందిని ఇంటికి పంపాను, గుర్తుందా?"

"వాళ్ళలో నలుగురు మందు కొట్టి వచ్చారు. నేను కంచె దగ్గర్నుంచే వాసన పట్టాను."

అక్క నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అలా ఉండేది మా ఇల్లు.

మా మైదానంలో ఒక ఆచారం ఉంది. మన పిచర్ ఒక బ్యాటర్ని స్ట్రైకవుట్ చేసినప్పుడల్లా, మైదానం చివర కంచె మీద స్ట్రైకవుట్‌కి గుర్తుగా కె అక్షరం రాసిన పలక ఒకటి వేలాడదీస్తారు. ఆ పలక తగిలించే హక్కు రికార్డు ఎవరిదో వాళ్ళది. అంటే మా నాన్నది. తన రికార్డుని తినేస్తున్న అల్లుడి పలకలు తనే ఒక్కొక్కటీ ఎడం చేత్తో ఎత్తి కొక్కేనికి తగిలిస్తాడు. ఊళ్ళో జనానికి అది చూడముచ్చట.

జులైలో ఒక శనివారం ఆట అయిపోయాక నాన్న కంచె దగ్గర పలకలు దించుతున్నాడు. నన్ను చెయ్యి ఊపి పిలిచాడు.

"ఒరేయ్ లియో, నువ్వు బంతి ఎక్కడ అడుగుతున్నావు, అది ఎక్కడికొస్తోంది?"

"అడిగిన చోటికే."

"నాకు అబద్ధం చెప్పకు. నేను ఆ దిబ్బ మీద బతికినవాణ్ణి."

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. "మధ్యలో నుంచి పైకొస్తోంది. బ్యాటర్ మొహం మీదకి."

"నాలుగో ఇన్నింగ్స్ తరవాత పాంటుకి వేళ్ళు రుద్దుతున్నాడు, చూశావా?"

"చెమట."

"చెమటయితే అరచెయ్యి రుద్దుతాడు. వీడు వేళ్ళ కొసలు రుద్దుతున్నాడు. వాడికి చలేస్తోందిరా. జులైలో, రెండు వేళ్ళకి మాత్రం."

చేతిలో పలక పట్టుకునే నిలబడ్డాడు. ముందు చల్లబడతాయట. తరవాత తెల్లబడతాయట. ఆ తరవాత బంతి మీద కుట్టు ఎక్కడుందో తెలీదట. అయినా విసురుతూ పోతే ఒక చలికాలం గడిచేసరికి ఇదిగో ఇలా అవుతుందని తన పిడికిలి చూపించాడు. నాన్న చెయ్యి వయసుతో పాడయిందని ఊరంతా అనుకుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

"పెద్ద లీగుల్లో వేలమందిని వెనక్కి పంపినవాళ్ళు ఉన్నారు చూడు, చూసినవాళ్ళు వేగం వేగం అంటారు. వేగం భుజంలో ఉంటుంది. బ్యాటర్ని మోసం చేసేది ఈ రెండు వేళ్ళు. ఇవి గుడ్డివయ్యాక వేగమొక్కటే మిగిలితే ఏమవుతుందో తెలుసా? ఎవడో ఒకడి తల పగుల్తుంది."

"మరి బావకి చెప్పు నాన్నా."

"నేనా?" ఆయన నవ్వాడు. నవ్వులా లేదు. "రికార్డు ఎవడిదిరా? వాడు దాన్ని అందుకోబోతుండగా నేను వెళ్ళి, అల్లుడూ ఆగిపో, నీ మంచికే అంటే, ఏమనుకుంటాడు? ఊరేమంటుంది? నీ అక్క ఏమంటుంది? నువ్వు చెప్పు."

చెప్పాను. మర్నాడు కార్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు చెప్పాను. బావ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"ముసలాయన పంపాడా?"

"నేనే అడుగుతున్నాను. వేళ్ళు మొద్దుబారుతున్నాయా?"

"బామ్మర్దీ, ఈ ఊళ్ళో నన్నేమని పిలుస్తారో తెలుసా? కుబాలా గారి అల్లుడు. మంగలి దగ్గరికెళ్ళినా అదే, చర్చికెళ్ళినా అదే. ఇల్లరికం వచ్చినవాడికి పేరుండదు. నాకు ముప్పై అయిదు దాటాయి. పెద్ద లీగు వాళ్ళు నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. ఇక పిలవరు. మిగిలింది ఆ గేటు మీద ఒక్క పేరు."

"నేను అడిగింది అది కాదు."

"నేను చెప్పింది అదే," అన్నాడు.

ఆ మాట నాన్నకి చేరవేశాను. వారం తరవాత ఒక పొద్దున వంటింట్లో అక్క గుండీలు పెడుతూ పైదాకా వచ్చింది. నాన్న ఆమె చెయ్యి ఆపాడు.

"ఆ ఒక్కటీ అల్లుడు పెడతాడులే. అల్లుడూ, ఇలా రా. కుడిచేత్తో పెట్టు చూద్దాం. ఒక్క చేత్తో."

ముందు రోజు సాయంత్రమే బావ పూర్తి ఆట ఆడాడు. కుడిచెయ్యి బల్ల కింద ఒళ్ళో ఉంది. కాఫీ ఎడం చేత్తో తాగుతున్నాడు. అది నాన్న చూశాడు. నేను చూశాను. అక్క చూడలేదు.

బావ కప్పు కింద పెట్టాడు. "నేను నీ నౌకర్నా?"

"గుండీ పెట్టమన్నాను. బూట్లు తుడవమన్లేదు."

"ఎందుకడుగుతున్నావో నాకు తెలుసు మామా. భయం. గేటు మీద పేరు పోతుందని భయం. ఆ పేరు పోతే నువ్వు పలకలు మోసే ముసలివాడివి, అంతే."

నాన్న మొహం సున్నం కొట్టినట్టయింది. అక్క ఆయన మెడ దగ్గర నుంచి చేతులు తీసేసింది.

"హార్లన్!" అంది. తరవాత నాన్న వైపు తిరిగింది. "నువ్వు కూడా ఇక చాలించు నాన్నా. సాధించుకోనివ్వు. పదమూడేళ్ళ నుంచి ఈ ఇంట్లో తలొంచుకుని తింటున్నాడు."

నాన్న లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన చొక్కా పై గుండీ విప్పే ఉంది. నేనెప్పుడూ అలా చూడలేదు.

ఆ తరవాత ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే నన్నడిగేవారు. ఆగస్టు మొదలయ్యింది. ఆటాటకీ కంచె మీద పలకలు ఎక్కుతూనే ఉన్నాయి. బావ గెలుస్తూనే ఉన్నాడు. వంపు బంతి తగ్గించేశాడు. నేను రెండు వేళ్ళు చూపించి వంపు బంతి అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఒక వేలు చూపిస్తే, అంటే వేగం బంతి అడిగితే, సరేననేవాడు. కుట్టు తెలీని వేళ్ళతో బంతి వంచలేడు. ఆ సంగతి మైదానంలో నాకూ, కంచె దగ్గర నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదు.

తెలిసే వీలు కూడా లేదు. బేస్‌బాల్ ఆడేవాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. పిచర్ ఏదో పెద్దది సాధించబోతున్నప్పుడు బెంచి మీద అతని పక్కన ఎవరూ కూర్చోరు. పలకరించరు. దిష్టి తగులుతుందని. అందరూ ఒక కొసకి జరిగిపోతారు. అతను రెండో కొసన ఒంటరిగా కూర్చుంటాడు. ఆ నెలంతా మా బావని అలాగే వదిలేశాం. గౌరవమనుకున్నాం. ఆగస్టు ఎండలో కోటు చేతుల్లో చెయ్యి దూర్చుకుని ఒక మనిషి వణుకుతుంటే, ఇరవైమందిలో ఒక్కడు కూడా పక్కకెళ్ళి చూడలేదు.

మేనేజర్ ఆరిన్ బ్లేక్లీకి నేనొకసారి చెప్పబోయాను.

"హార్లన్ చెయ్యి..."

"నోరు ముయ్యి," అన్నాడు. చుట్టూ చూసి బెంచి చెక్క మీద వేలితో తట్టాడు. "ఇప్పుడా మాట? నీకు బుద్ధుందా? ఆఖరి ఆటకి టిక్కెట్లు అయిపోయాయి. ఆఖరి పలకకి బంగారు రంగు వేయించాను."

ఆఖరి ఆట నాటికి లెక్క తేలిపోయింది. ఆరుగుర్ని స్ట్రైకవుట్ చేస్తే నాన్నతో సమం. ఏడో వాణ్ణి కూడా చేస్తే రికార్డు బావది.

ఆ మధ్యాహ్నం మైదానంలో కాలు పెట్టే చోటు లేదు. అక్క మా బెంచి వెనకాల మూడో వరసలో కూర్చుంది. నాన్న కంచె దగ్గర ఏడు పలకలు వరసగా నిలబెట్టుకున్నాడు. బంగారు రంగుది చివర మెరుస్తోంది. ఆయన చొక్కా మెడదాకా బిగించి ఉంది.

బావ మొదటి మూడు ఇన్నింగ్స్‌లో నలుగుర్ని స్ట్రైకవుట్ చేశాడు. నాలుగు పలకలు ఎక్కాయి. అయిదో ఇన్నింగ్స్‌లో ఒకడు. ఆరులో బంతి నా చేతి తొడుగులోంచి జారింది. నేను కింద కావాలంటే అది నా గొంతుకొచ్చింది. ఏడులో ఇంకొకడు బ్యాటు ఊపి గాలిని కొట్టాడు. ఆరో పలక ఎక్కింది. సమం.

జనం లేచి నిలబడ్డారు. నాన్న ఆ పలకని కొక్కేనికి తగిలించి, కదలకుండా ఎడం చేత్తో సరిచేశాడు. తరవాత బంగారు పలక ఎత్తుకుని గుండెకి ఆనించుకున్నాడు.

బెంచి దగ్గరికొచ్చాం. అందరూ ఆ కొసకి జరిగారు. బావ ఈ కొసన కూర్చున్నాడు. నేను నేరుగా వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.

అవతల ఎవడో "లియో!" అని బుస కొట్టాడు. బ్లేక్లీ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"అటు పో," అన్నాడు బావ.

నేను కోటులోకి చెయ్యి పెట్టి అతని వేళ్ళు పట్టుకున్నాను. మంచు పెట్టెలోంచి తీసిన చేపల్లా ఉన్నాయి. గోళ్ళ కింద రక్తం లేదు.

"ఎవరికైనా చెప్పావో..."

"బావా, ఎప్పట్నుంచి?"

"ఒక్కడు చాలు లియో. ఒక్కడే. ఆ తరవాత ఈ చెయ్యి నరికి నదిలో పారేసినా సరే."

తొమ్మిదింట ఎనిమిదో ఇన్నింగ్స్. వచ్చినవాడి పేరు డెన్నీ వాస్. ఇరవై ఏళ్ళవాడు. బంతి మీదుగా రావాల్సిన నేలమీది ప్లేటు పైకి వాలి నిలబడే అలవాటు. మొదటి బంతికి ఒక వేలు చూపించాను. బావ విసిరాడు. తుపాకి గుండులా వచ్చింది. స్ట్రైక్. రెండోది కూడా. రెండో స్ట్రైక్. జనం అరుపులకి నా హెల్మెట్ అదిరింది. ఇంకొక్కటి.

కింద, బయటి అంచున అడిగాను. బావ చెయ్యి తిరిగింది. బంతి వేళ్ళలోంచి ముందే జారడం నాకు కనిపించింది. అది వాస్ తల వెనక నుంచి వెళ్ళింది. చెవికీ బంతికీ మధ్య అరచెయ్యి పట్టదు. వాస్ మట్టిలో పడ్డాడు. బంతి వెనక చెక్కగోడకి తగిలి పేలినట్టు మోగింది.

వాస్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"మీ బావకి నా మీద ఏమన్నా కోపమా?"

"ఏం లేదు."

"మరి నన్నెందుకు చంపుతున్నాడ్రా?" నవ్వాలని చూశాడు. రాలేదు. అయినా మళ్ళీ ప్లేటు మీదకే వాలి నిలబడ్డాడు. కుర్రాడు. వెనక్కి జరిగితే పిరికివాడంటారు.

నేను ఆట కాసేపు ఆపమని టైమ్ అడిగి దిబ్బ దగ్గరికి నడిచాను. కంచె దగ్గర నాన్న పలక పట్టుకుని అలాగే ఉన్నాడు. కదలట్లేదు. వద్దని చెయ్యి ఊపితే చాలు, కానీ ఊపడు. ఊపలేడు. అక్కడున్న అందరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అక్కడున్న అందరిలో ఆ మాట అనే హక్కు లేనిది ఆయనొక్కడికే.

"ఒక వేలే చూపించు. ఈసారి తగ్గించి విసురుతాను," అన్నాడు బావ.

"సరే."

"మరి నిలబడ్డావేం? పో."

"నీ పై గుండీ ఊడింది బావా. పెట్టుకో, వెళ్తాను."

అతను నా మొహంలోకి చూశాడు. నిజంగానే ఊడి ఉంది, విసిరే ఊపుకి. అతను బంతిని ఎడం చేతి తొడుగులో పెట్టుకుని కుడిచెయ్యి మెడ దగ్గరికి తెచ్చాడు. వేళ్ళు గుడ్డ మీద పాకాయి. గుండీని దాటిపోయాయి. వెనక్కొచ్చాయి. దొరికిందనుకుని నొక్కాడు. దొరకలేదు. ఉత్త గుడ్డ. మళ్ళీ పాకాయి.

మా బెంచి వెనకాల మూడో వరసలో ఒక మనిషి లేచి నిలబడింది. గుండీ దొరకని వేళ్ళని రోజూ పొద్దున్నే చూసే మనిషి. అక్క అరవలేదు. ఆమె చెయ్యి తన మెడ దగ్గరికి వెళ్ళింది. వేళ్ళు గాలిలో గుండీ పెడుతున్నాయి.

బావ ఆమెను చూశాడు. తరవాత తల తిప్పి కంచె వైపు చూశాడు. ఎండలో మెడదాకా బిగించిన చొక్కా వైపు.

అంపైర్ వచ్చాడు. "పెళ్ళి మాటలు అయిపోయాయా? ఆడతారా లేదా?"

"లియో, నువ్వు పెట్టు," అన్నాడు బావ.

నేను తొడుగు చంకలో పెట్టుకుని అతని పై గుండీ పెట్టాను. పెడుతుండగా బంతిని నా చేతిలో పెట్టాడు. మెల్లిగా, గుడ్డు పెట్టినట్టు పెట్టాడు.

బ్లేక్లీ పరిగెత్తుకొచ్చాడు. "ఒక్క స్ట్రైక్! రెండున్నాయి, ఒక్కటే కావాలి! పిచ్చి పట్టిందా నీకు?"

"చేతిలో బంతి ఉందో లేదో తెలీట్లేదు ఆరిన్."

"రేపు చూపించుకుందువు!"

"ఆ కుర్రాడికి రేపుండాలిగా," అని దిబ్బ దిగిపోయాడు.

జనానికి అర్థం కాలేదు. కొందరు చప్పట్లు, కొందరు తిట్లు. ఎవడో పైవరసలోంచి "ఇల్లరికం అల్లుడు మామకి భయపడ్డాడ్రోయ్!" అని అరిచాడు. బావ వినీ విననట్టు వెళ్ళి బెంచి చివర తన చోట్లో కూర్చున్నాడు. ఇరవైమందీ అవతలి కొసనే ఉన్నారు. అలవాటు పోలేదు.

అప్పుడు కంచె దగ్గర తలుపు తెరుచుకుంది. నాన్న బంగారు పలకని గోడకి తిప్పి నిలబెట్టి మైదానంలోకి నడిచాడు. ఆట మధ్యలో ఎవరూ అలా రాకూడదు. అంపైర్ చెయ్యెత్తాడు, వస్తున్నది ఎవరో చూసి దించేశాడు. పచ్చికంతా దాటుకుంటూ ముసలాయన తన నడకతోనే వచ్చాడు. బెంచి దగ్గర ఎవరివైపూ చూడకుండా ఆ కొసకి వెళ్ళి బావ పక్కన కూర్చున్నాడు.

"చెయ్యి ఇటివ్వు."

బావ ఇవ్వలేదు. నాన్నే లాక్కున్నాడు. ఆ తెల్లటి వేళ్ళని తన ముడుచుకున్న పిడికిట్లో దూర్చి, పైన ఎడం చెయ్యి మూసి, రుద్దడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఇద్దరూ ఆట వైపే చూశారు.

"రికార్డు నీ దగ్గరే ఉండిపోయింది మామా," అన్నాడు బావ చివరికి.

"సగమే."

"సమమంటే సగమే కదా."

"ఆ సగం కూడా నువ్వే ఉంచుకో. నేను ఆగాల్సిన చోట ఆగలేదు. ఆ రోజు నా గుండీ ఊడిందని చెప్పడానికి ఎవడూ రాలేదు. నా పక్కన కూడా ఎవడూ కూర్చోలేదు." గొంతు సవరించుకున్నాడు. "వేళ్ళు ఆడించు. ఆగకు. ఆడిస్తూ ఉండు."

డాక్టరు భుజం దగ్గర కోసి, నొక్కుకుపోయిన నరాన్ని వదులు చేశాడు. మళ్ళీ విసరకూడదన్నాడు. వేళ్ళు వస్తాయా అని అక్క అడిగితే, చూద్దాం అన్నాడు. ఆ ఏడాది గేటు మీద రెండో పేరు ఎక్కింది, నాన్న పేరు పక్కనే, అదే కొలతలో.

సెప్టెంబరంతా వంటింట్లో అక్క ముందు ఇద్దరు నిలబడేవాళ్ళు. ముందు నాన్న, తరవాత బావ. ఆమె రెండు చొక్కాలకీ గుండీలు పెట్టేది. ఇద్దరివీ మెడదాకా. నేను తలొంచుకుని గుడ్లు తినేవాణ్ణి. ఆ నెలలో ఎవరూ జోకులు వెయ్యలేదు. బావ బల్ల కింద వేళ్ళు ఆడిస్తూనే ఉండేవాడు.

అక్టోబరులో, నది మీద పొగమంచు లేవడం మొదలయ్యాక, ఒక పొద్దున బావ మెట్లు దిగొచ్చాడు. చొక్కాకి గుండీలు పెట్టి ఉన్నాయి. ఒక రంధ్రం తప్పింది. ఒక వైపు అంచు కిందికి వేలాడుతోంది. అక్క చూసింది. సరిచెయ్యడానికి చెయ్యెత్తి, దించేసింది. పొయ్యి వైపు తిరిగి చాలాసేపు అటే నిలబడింది.

నాన్న కాఫీ కప్పు జరిపాడు. ఆయన చొక్కా పై గుండీ ఇంకా పెట్టలేదు.

"అల్లుడూ," అన్నాడు, "ఆ ఒక్కటీ నువ్వు పెట్టు."

బావ దగ్గరికొచ్చి వంగాడు. కుడిచెయ్యి, ఒక్క చెయ్యి. వేళ్ళు గుడ్డ మీద పాకాయి, గుండీ దగ్గర ఆగాయి. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. కప్పులో కాఫీ మీద మీగడ కట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఉరికంబం మామా," అన్నాడు బావ, పళ్ళ బిగువున. "కదలకు."

నాన్న గడ్డం పైకెత్తి కదలకుండా కూర్చున్నాడు.